మాదకద్రవ్యాల నియంత్రణ: మన చట్టం, అంతర్జాతీయ ప్రమాణాలు

ఈ పాఠాన్ని వంటింటి నుంచి మొదలుపెడదాం. గసగసాలు నూరి వేయని మాంసం కూర బందరులోనూ దివిసీమలోనూ కూర కిందే లెక్క కాదు. ఆ గసగసాలు నల్లమందు మొక్క గింజలే. పచ్చికాయ మీద గాటు పెడితే కారే పాలు గడ్డకట్టి నల్లమందు అవుతుంది. నల్లమందు నుంచి మార్ఫిన్, మార్ఫిన్ నుంచి హెరాయిన్ తయారవుతాయి. ఎండిన కాయలోని గింజ మాత్రం మసాలా దినుసు. అందుకే 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక నల్లమందు మొక్క ఎండుభాగాలను నిర్వచించేటప్పుడు గింజలను మినహాయించింది. మన 1985 చట్టం కూడా రెండో సెక్షన్‌లో వాటిని అలాగే మినహాయించింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ మాత్రం గసగసాలనే నిషేధించింది. కొడుకు దుబాయిలో ఉన్నాడని కూరపొడితో పాటు గసగసాల పొట్లం కట్టి పంపే తల్లి, ఇక్కడ ఏ తప్పూ చేయకుండానే అక్కడ కొడుకును చిక్కుల్లో పడేయవచ్చు.

మరి ఈ రెండు దేశాల్లో ఒడంబడికను ఉల్లంఘించింది ఎవరు? ఎవరూ కాదు. ప్రజారోగ్యం కోసం అవసరమనుకుంటే ఏ దేశమైనా ఒడంబడిక కోరినదానికంటే కఠినంగా వ్యవహరించవచ్చని అదే ఒడంబడికలోని 39వ అధికరణ చెబుతోంది. 1988 ఒడంబడికలో 24వ అధికరణ చెప్పేదీ ఇదే. అంటే ఈ ఒడంబడికలు కనీస హద్దు గీస్తాయి, గరిష్ఠ హద్దు గీయవు. సంప్రదింపు తరగతుల్లో విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. "మన చట్టం ఇంత కఠినంగా ఉండటానికి కారణం ఐక్యరాజ్యసమితి ఒత్తిడి" అని జవాబుపత్రాల్లో రాస్తుంటారు. అందులో సగమే నిజం. మన చట్టంలోని ఏ నిబంధననైనా తీసుకుని ఒడంబడిక దాన్ని తప్పనిసరి చేసిందా, మన ఇష్టానికి వదిలిందా, మానవహక్కుల ఒప్పందాలు దాని గురించి ఏమంటున్నాయి అని విడివిడిగా అడగాలి. అలా అడిగితేనే అది పోలిక అవుతుంది.

మూడు ఒడంబడికలు, ఒక చట్టం

ప్రస్తుతం అమలులో ఉన్నవి మూడు ఒడంబడికలు. 1961 నాటిది నల్లమందు, గంజాయి, కోకా వంటి మాదకద్రవ్యాల గురించినది. దీన్ని 1972లో ఒక ప్రోటోకాల్ సవరించింది. 1971 నాటిది మనసుపై పనిచేసే రసాయన ఔషధాల గురించి, 1988 నాటిది అక్రమ రవాణా గురించి. మూడింటిలోనూ భారతదేశం భాగస్వామి.

ఒడంబడికపై సంతకం చేసినంత మాత్రాన అది గుడివాడ పోలీస్ స్టేషనులో చట్టం కాదు. మన రాజ్యాంగ పద్ధతిలో పార్లమెంటు దానికోసం శాసనం చేయాలి. 253వ అధికరణ ఆ అధికారం ఇస్తుంది. అలా వచ్చిందే నార్కోటిక్ డ్రగ్స్ అండ్ సైకోట్రోపిక్ సబ్‌స్టాన్సెస్ చట్టం. క్లుప్తంగా ఎన్‌డీపీఎస్ చట్టం అంటారు. 1985 సెప్టెంబరు 16న రాష్ట్రపతి ఆమోదం పొంది, నవంబరు 14న అమలులోకి వచ్చింది. తరువాత 1989, 2001, 2014, 2021 సంవత్సరాల్లో సవరణలు జరిగాయి. పరీక్షకు వీటిలో 2001, 2014 సవరణలు బాగా గుర్తుంచుకోండి. మొదటిది శిక్షను తూకానికి ముడిపెట్టింది, రెండోది నొప్పి మందులకు దారి తెరిచింది.

కృష్ణా జిల్లాలో గంజాయి సాగు

1985కు ముందు ఇక్కడ గంజాయి పరిస్థితి ఏమిటో తెలుసుకోకపోతే ఆ చట్టం తెచ్చిన మార్పు అర్థం కాదు. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. అంతకుముందు బాపట్ల తాలూకా కూడా బందరు కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలోదే. ఆ తాలూకాలో దగ్గుబాడు వైపు గ్రామాల్లో గంజాయి పంట ఉండేది. మద్రాసు రాజధానిలో ఈ పంటకు పేరుపడిన కొద్ది ప్రాంతాల్లో అదొకటి. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ మద్రాసు రాజధాని సహా దేశమంతటా సాక్ష్యాలు సేకరించింది. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదనీ, పూర్తి నిషేధం వద్దనీ, లైసెన్సులూ పన్నుల ద్వారా అదుపు చేయాలనీ సిఫారసు చేసింది. ఆ సర్కారుకు గంజాయి నేరం కాదు, ఆబ్కారీ ఆదాయం. కమిషన్ మాటలను అందుకే కాస్త జాగ్రత్తగా చదవాలి. పన్ను వసూలు చేసేవాడు సరుకు మంచిదే అనడంలో వింతేముంది?

1961లో ఒడంబడిక తయారైనప్పుడు గంజాయిని కఠిన నియంత్రణలో చేర్చారు. భంగు వాడుకను దృష్టిలో పెట్టుకుని భారత ప్రతినిధులు అభ్యంతరం చెప్పారు. ఫలితంగా రెండు వెసులుబాట్లు వచ్చాయి. మొదటిది నిర్వచనంలో కనిపిస్తుంది. పూత లేదా కాయ దశలో ఉన్న మొక్క కొనలే గంజాయి. కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు గంజాయి కావు. రెండోది 49వ అధికరణలోని గడువు. సంప్రదాయ వాడకాన్ని ఒడంబడిక అమలులోకి వచ్చిన 25 ఏళ్లలోపు ఆపేయాలి. ఒడంబడిక 1964 డిసెంబరు 13న అమలులోకి వచ్చింది కాబట్టి గడువు 1989 డిసెంబరు 13. మన చట్టం 1985లో రావడానికి ఉన్న కారణాల్లో ఈ గడువు ఒకటి.

ఇప్పుడు మన చట్టంలో గంజాయి నిర్వచనం తీసి పక్కన పెట్టండి. ఒడంబడిక మాటలే దాదాపు మక్కీకి మక్కీగా దిగాయి. దీన్ని భాషాశాస్త్రవేత్తలకు పనికొచ్చే విశేషమని కొట్టిపారేయకండి. జెనీవాలోనూ న్యూయార్కులోనూ బేరమాడి రాసుకున్న ఒక కుండలీకరణం ఈనాటికీ మన జిల్లా కోర్టుల్లో మనుషుల తలరాత తేలుస్తోంది. అదెలాగో చూద్దాం.

ఇరవై కిలోల గీత

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. గుడివాడ కుర్రవాడొకడు డిగ్రీ మధ్యలో ఆపేశాడు, పని లేదు. నర్సీపట్నం వైపు నుంచి ఒక సంచి తెచ్చి ఇస్తే ఐదువేలు ఇస్తానని ఎవరో ఆశ చూపారు. రైలు దిగగానే దొరికిపోయాడు. సంచి తూకం 20 కిలోల 200 గ్రాములు.

2001 అక్టోబరు 19 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం గంజాయికి స్వల్ప పరిమాణం 1 కిలో, వాణిజ్య పరిమాణం 20 కిలోలు. కిలోకు తక్కువైతే ఏడాది వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ మధ్యలో ఉంటే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఇక్కడ కనీస శిక్ష లేదు, జడ్జి ఆరు నెలలతో సరిపెట్టవచ్చు. 20 కిలోలకు మించితే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు, లక్ష నుంచి రెండు లక్షల దాకా జరిమానా. పదేళ్లకు ఒక్కరోజు తగ్గించడానికీ జడ్జికి అధికారం లేదు. అంటే మన కుర్రవాడి విషయంలో ఆ చివరి 200 గ్రాములే పదేళ్లు.

ఇప్పుడు కుండలీకరణం సంగతి. సంచిలో కొనలే ఉన్నాయా, విడి ఆకులూ గింజలూ కాడలూ కలిశాయా? గోనెసంచి బరువు తీసేశారా? కొనలతో కలిసి ఉన్న ఆకు లెక్కలోకి వస్తుంది, విడి ఆకు రాదు. కాబట్టి పంచనామాలో "గంజాయి 20 కిలోల 200 గ్రాములు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే సరిపోదు. 52-ఎ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు సమక్షంలో జాబితా, నమూనాలు తీయాలి. డిఫెన్సు న్యాయవాది మొదట వెతికేది అక్కడే. పొడి రూపంలో ఉండే మాదకద్రవ్యాలకు లెక్క ఇంకా కఠినం. హెరాయిన్‌ను మరో పొడిలో కలిపితే అసలు హెరాయిన్ ఎంతని కాకుండా మొత్తం మిశ్రమం బరువే చూడాలని 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ 20 కిలోల గీత ఏ ఒడంబడికలో ఉంది? ఎక్కడా లేదు. 1961 ఒడంబడిక 36వ అధికరణ తీవ్రమైన నేరాలకు "తగినంత శిక్ష" ఉండాలంటుంది, ముఖ్యంగా జైలు శిక్ష. ఎన్నేళ్లో చెప్పదు, కనీస శిక్ష ఉండాలనీ అనదు. 1988 ఒడంబడిక ఇంకొంచెం వివరంగా, నేరం తీవ్రతను పెంచే పరిస్థితులను 3వ అధికరణలో పేర్కొంది. వ్యవస్థీకృత ముఠా ప్రమేయం, ఆయుధాలు, ప్రభుత్వ పదవిలో ఉండటం, మైనర్లను వాడుకోవడం, బడి పరిసరాల్లో నేరం చేయడం వంటివి. అందులో చూస్తున్నది మనిషి పాత్రను. మనం 2001లో ఈ జాబితాను 32-బి సెక్షన్‌గా తెచ్చుకున్నాం. కానీ ఒక తేడాతో. కనీస శిక్షను మించి వేయాలనుకున్నప్పుడు మాత్రమే కోర్టు ఆ జాబితా చూస్తుంది. నిందితుడు ముఠా నాయకుడు కాదు, ఆయుధం లేదు, మొదటిసారి దొరికాడు అని తేలినా పదేళ్ల కిందికి రావడానికి ఆ సెక్షన్ ఉపయోగపడదు. నిచ్చెన పైకి ఎక్కడానికే ఉంది, దిగడానికి మెట్లు లేవు.

దీని పక్కన మరో కేసు పెట్టి చూడండి. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో దాదాపు 2,988 కిలోల హెరాయిన్ పట్టుబడింది. ఆఫ్ఘనిస్థాన్ నుంచి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా టాల్క్ రాళ్ల పేరుతో వచ్చిన కంటైనర్లవి. దిగుమతి చేసుకున్న సంస్థ చిరునామా విజయవాడలో ఉందని తెలిసి మన జిల్లాల్లో అందరూ ఉలిక్కిపడ్డారు. (బందర్ అంటే పర్షియన్‌లో రేవు. మన బందరు పేరూ ఆ మాటే.) 1988 ఒడంబడిక పుట్టింది సరిగ్గా ఇలాంటి సరిహద్దులు దాటే వ్యాపారాన్ని ఎదుర్కోవడానికి. ఆస్తుల జప్తు, దేశాల మధ్య న్యాయసహాయం, నిఘా ఉంచి సరుకును గమ్యం దాకా పోనిచ్చే పద్ధతి అన్నీ అందులో ఉన్నాయి. మన చట్టంలోనూ వాటికి చోటు దొరికింది. అది మంచి పనే. నా అభ్యంతరం వేరు. టన్నుల హెరాయిన్ తెప్పించినవాడికీ, ఐదువేలకు సంచి మోసినవాడికీ కనీస శిక్ష ఒకటే, బెయిలు నిబంధన ఒకటే. ఒడంబడిక ఇలా చేయమని అడగలేదు.

బెయిలు, నిర్దోషిత్వం

వాణిజ్య పరిమాణం కేసుల్లో 37వ సెక్షన్ వర్తిస్తుంది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ వ్యతిరేకిస్తే, నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి సహేతుక కారణాలున్నాయనీ, బయటికెళ్లాక మరో నేరం చేయడనీ కోర్టుకు నమ్మకం కుదరాలి. విచారణ మొదలు కాకముందే ఆ నమ్మకం ఎలా కుదురుతుంది? ఛార్జిషీటుకు కూడా మామూలు 90 రోజులు కాదు, 180 రోజులు.

1988 ఒడంబడిక కోరేది, నిందితుడు విచారణకు హాజరయ్యేలా దేశం తగిన చర్యలు తీసుకోవాలని. మరోపక్క పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 9వ అధికరణ, విచారణ ముగిసేదాకా మనిషిని నిర్బంధంలో ఉంచడం సాధారణ నియమం కారాదంటుంది. భారతదేశం 1979లో అందులోనూ చేరింది. మన 37వ సెక్షన్ మొదటిదాన్ని దాటిపోయింది, రెండోదానికి ఎదురుగా నిలబడింది. 2023లో సుప్రీంకోర్టు ఒక గంజాయి కేసులో ఏడేళ్లకు పైగా విచారణ ఖైదీగా ఉన్న వ్యక్తికి బెయిలిస్తూ, విచారణలో విపరీతమైన జాప్యం జరిగితే ఈ సెక్షన్ బెయిలుకు అడ్డు కాదని చెప్పింది. ఊరటే. అయితే ఆ ఊరటకు ఏడేళ్లు పట్టింది.

నిందితుడి మనసులో ఏముందన్న విషయంలోనూ ఇదే తేడా. 1988 ఒడంబడిక ప్రకారం అతనికి తెలుసా లేదా అన్నది పరిస్థితులను బట్టి కోర్టు గ్రహించవచ్చు. మన 35వ సెక్షన్ అతనికి తెలుసునని ముందే భావించమంటుంది. తెలియదని సందేహాతీతంగా రుజువు చేసుకునే భారం అతనిదే. 2008లో నూర్ ఆగా కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కొట్టేయలేదు గానీ, సరుకు అతని దగ్గరే దొరికిందన్న మూలవిషయాలను ముందు ప్రాసిక్యూషన్ రుజువు చేయాలంది. 2020లో తూఫాన్ సింగ్ కేసులో, దర్యాప్తు అధికారుల ముందు 67వ సెక్షన్ కింద ఇచ్చిన వాంగ్మూలాన్ని నేరాంగీకారంగా వాడుకోవద్దంది. ఒంటిమీద సోదాకు ముందు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షంలో సోదా కోరే హక్కు ఉందని చెప్పాలన్న 50వ సెక్షన్ ఇంకొక రక్షణ. చేతిసంచి సోదాకు అది వర్తించదు. ఈ తేడా చాలామంది లాయర్లకు తెలుసు, చాలామంది నిందితులకు తెలియదు.

మరణశిక్ష గురించి రెండు మాటలు. ఒడంబడికలు దాన్ని కోరవు. 1989 సవరణ కొన్ని పునరావృత నేరాలకు దాన్ని తప్పనిసరి చేసింది. 2011లో బొంబాయి హైకోర్టు ఆ తప్పనిసరిని తొలగించింది. 2014లో పార్లమెంటు కూడా దాన్ని కోర్టు విచక్షణకు వదిలింది.

ఒడంబడికలో మనం మరిచిన సగం

ఇంతవరకు మన చట్టం ఎక్కడెక్కడ ఒడంబడికను మించి కఠినంగా ఉందో చూశాం. ఆ కాఠిన్యం ఒడంబడిక ఆశయాన్నే దెబ్బతీసిన చోటు ఒకటుంది. 1961 ఒడంబడిక పీఠికలో మొట్టమొదట చెప్పే విషయాల్లో ఒకటి, నొప్పి తగ్గించడానికి మాదకద్రవ్యాల వైద్య వినియోగం అనివార్యమని, వాటిని అందుబాటులో ఉంచాలని.

2006లో మా పెద్దక్కయ్యకు కేన్సరు ఎముకలకు పాకింది. డాక్టరు మార్ఫిన్ మాత్రలు రాశారు. ఊళ్లో నేను తిరిగిన ఏ మందుల షాపులోనూ అవి లేవు. ఒకాయన నిజాయితీగా చెప్పాడు: "ఆ లైసెన్సుల గొడవ మాకెందుకు మాస్టారూ? లెక్కలో ఒక్క మాత్ర తేడా వచ్చినా జైలు." అప్పటికి నేను ఇరవై ఏళ్లకు పైగా చట్టాన్ని చదువుతున్నవాణ్ణి. ప్రపంచంలో ఔషధాల కోసం చట్టబద్ధంగా నల్లమందు పండించి ఎగుమతి చేసే దేశం మనది, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సు సాగు ఉంది అని పాఠం చెప్పినవాణ్ణి. అక్కయ్య రాత్రుళ్లు మూలుగుతుంటే ఆ పాఠం ఎందుకూ పనికిరాలేదు.

1985 తరువాత మార్ఫిన్ వైద్య వినియోగం దేశంలో బాగా పడిపోయింది. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో నిబంధన, ఒక్కో మందుకు పలు లైసెన్సులు. 2014 సవరణ "అత్యవసర మాదకద్రవ్యాలు" అనే వర్గాన్ని సృష్టించి, దేశమంతటికీ ఒకే నిబంధనలు పెట్టింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కొడీన్, హైడ్రోకోడోన్ ఆ జాబితాలో ఉన్నాయి. గుర్తింపు పొందిన వైద్యసంస్థ ఇప్పుడు వీటిని తక్కువ తతంగంతో ఉంచుకోవచ్చు. ఈ విషయంలో మన చట్టం అంతర్జాతీయ ప్రమాణానికి దగ్గరగా రావడానికి 29 ఏళ్లు పట్టింది. పరీక్షలో "మన చట్టం, అంతర్జాతీయ ప్రమాణాలు" అన్న ప్రశ్నకు శిక్షల గురించి మాత్రమే రాసి, నొప్పి మందుల గురించి రాయని జవాబును నేనైతే సగం జవాబుగానే దిద్దేవాణ్ణి.

చికిత్స అనే దారి

వాడేవారి విషయంలో 1988 ఒడంబడిక, శిక్షకు బదులుగా చికిత్స, విద్య, పునరావాసం ఏర్పాటు చేయవచ్చంటుంది. పోర్చుగల్ 2001 నుంచి ఈ దారిలో వెళ్లింది. కొద్దిపాటి సరుకుతో దొరికినవారిని కోర్టుకు బదులు ఒక కమిషన్ ముందుకు పంపుతుంది. వైద్యేతర వాడకానికి గంజాయి అమ్మకాన్నే చట్టబద్ధం చేసిన ఉరుగ్వే, కెనడాల సంగతి వేరు. వాటిది ఒడంబడికకు విరుద్ధమని అంతర్జాతీయ మాదకద్రవ్య నియంత్రణ మండలి చెబుతోంది. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అత్యంత కఠినమైన నాలుగో షెడ్యూలు నుంచి తొలగించింది. అనుకూలంగా 27 ఓట్లు, వ్యతిరేకంగా 25. భారతదేశం అనుకూలంగా ఓటేసింది. మొదటి షెడ్యూలులో మాత్రం గంజాయి అలాగే ఉంది. కాబట్టి "ఐక్యరాజ్యసమితి గంజాయిని అనుమతించింది" అన్న ప్రచారం తప్పు.

మన చట్టంలోనూ చికిత్స దారి ఉంది. 39వ సెక్షన్ ప్రకారం, స్వల్ప పరిమాణం కేసులో దోషిగా తేలిన వ్యసనపరుణ్ణి, అతని అంగీకారంతో కోర్టు చికిత్సకు పంపవచ్చు. 64-ఎ సెక్షన్ ఇంకా ముందుకెళ్లింది. అలాంటి కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన కేంద్రంలో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు పొందుతాడు. చికిత్స మధ్యలో వదిలేస్తే మినహాయింపు పోతుంది. ఒడంబడికతో భేషుగ్గా సరిపోయే ఈ సెక్షన్ గురించి కేసుల్లో ఇరుక్కున్న కుటుంబాలకు ఎవరూ చెప్పరు. కొడుకును విడిపించమని నాయకుల ఇళ్ల చుట్టూ తిరిగే తల్లిదండ్రులను చూశాను. చికిత్స పత్రంతో కోర్టుకు వచ్చినవారిని నేను చూసింది బహు తక్కువ. వ్యసన విముక్తికి జాతీయ ఉచిత ఫోన్ నంబరు 14446. రవాణా, అమ్మకాల గురించి ఫిర్యాదు చేయడానికి 2024లో మన రాష్ట్రం ఏర్పాటు చేసిన ఈగల్ విభాగం నంబరు 1972. ఒడంబడికను సవరించిన ప్రోటోకాల్ సంవత్సరమూ అదే. కాకతాళీయమే గానీ, గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది.

అభ్యాసం

అవనిగడ్డలో ఒక విద్యార్థి దగ్గర 800 గ్రాముల గంజాయి దొరికింది. రెండేళ్లుగా అలవాటు ఉందని వైద్యుడు ధ్రువీకరించాడు. అతనికి 37వ సెక్షన్ వర్తిస్తుందా? 64-ఎ కింద అతను ఏం కోరవచ్చు, ఎప్పుడు కోరాలి? 1988 ఒడంబడిక 3వ అధికరణతో పోలుస్తూ రెండు పుటలకు మించకుండా రాయండి. ఆ తరువాత, అదే పొట్లం తూకం సరిగ్గా ఒక కిలో చూపిస్తే మీ జవాబులో ఏం మారుతుందో ఇంకో పేరా రాయండి. రెండో సెక్షన్‌లో స్వల్ప పరిమాణం నిర్వచనాన్ని ఒక్కో మాటా చూసుకుంటూ చదవండి. అక్కడ "వరకు" అని ఉందా, "కంటే తక్కువ" అని ఉందా?